చాలు అన్న తమ్ముడికి

ఫిబ్రవరి 11, బుధవారం
బస్సు డిపోలో టైమ్ కీపర్ గది నుంచి

తమ్ముడికి అక్క రాస్తున్నది:

రేసు మధ్యలో నా కూతురి బండి ఇంజన్ బిగుసుకుని పట్టేసేలా చేసింది నువ్వే. పొరపాటున కాదు, కావాలనే చేశావు. నీ మాట నెగ్గాలని చేశావు.

ముందు కుశలం అడగడం మర్యాద కనుక అడుగుతున్నాను. నీ నడుం నొప్పి ఎలా ఉంది? బల్ల మీద వంగి పని చేయొద్దని డాక్టరు చెప్పిన మాట వింటున్నావా? మేం బాగాలేం. మర్యాద ఇక్కడితో అయిపోయింది.

పది రోజులుగా ఫోను ఎత్తవు. షాపుకు వస్తే షట్టరు సగం దించి ఉంటుంది. లోపల స్పానరు చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, తమ్ముడూ అని పిలవగానే ఆగిపోతుంది. పక్క టైర్ల షాపువాడు నన్ను చూసి జాలిగా తల ఊపి, ఇప్పుడే బయటికి వెళ్ళాడమ్మా అంటాడు. షట్టరు కింద నుంచి నీ చెప్పులు కనపడుతుంటాయి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇరవై ఏళ్ళుగా యూనియన్‌కు కరపత్రాలు రాస్తున్నదాన్ని. చింపేసేవాడు కూడా ముందు చదివి ఆ తర్వాతే చింపేలా రాయడం నాకు చేతనవును.

నడక వచ్చిన రోజు నుంచి ఒకచోట నిలవలేదని ఆ పిల్లకు బొంగరం అని పేరు పెట్టింది నువ్వే. ఇప్పుడు నీ బొంగరం కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమ భుజం ఎముక అతుక్కుంటోంది, మణికట్టుకు కట్టు ఇంకా మూడు వారాలు ఉండాలి. ఎముకల సంగతి నాకు బెంగ లేదు, ఇరవై రెండేళ్ళ ఒళ్ళు, అవి అతుక్కుంటాయి. నా బెంగ వేరే. పట్టేసిన ఆ పిస్టన్‌ను నీ దగ్గర నుంచి తెప్పించుకుని కిటికీ గట్టు మీద పెట్టుకుంది. పొద్దున లేవగానే దాన్ని చేతిలోకి తీసుకుని పక్కల మీద పడ్డ గీరల్ని బొటనవేలితో తడుముతుంది. మొన్న సోమవారం నేను తల దువ్వుతుంటే, అటువైపే చూస్తూ అంది: మామయ్యతో మాట్లాడానమ్మా, ఆదివారం పాత సిలిండరే బిగించెయ్యమన్నాను, నాకు నూట ఇరవై ఐదు సీసీ చాలు, అంతకంటే పెద్దది మోసే మనిషిని కాను అంది.

అంటే నా ఫోను ఎత్తనివాడివి దానిది ఎత్తావు. సరే అన్నావు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. దువ్వెన నా చేతిలోనే ఆగిపోయింది.

ఏప్రిల్‌లో రెండో విడత సెలక్షన్ ఉంది. బండ్ల కంపెనీ రేసు టీంలో ఒకే ఒక్క సీటు ఉందనీ, ఏ సైజు ఇంజన్ అయినా తెచ్చుకోవచ్చనే ఓపెన్ క్లాసులో అందరూ పెద్ద ఇంజన్లతో వస్తారనీ నీకు నాకంటే బాగా తెలుసు. పాత ఇంజన్‌తో అక్కడికి వెళ్ళడమంటే ఓడిపోవడానికి టికెట్ కొనుక్కుని వెళ్ళడమే. అసలు వెళ్ళదేమో కూడా. చాలు అన్న మనిషి అక్కడితో ఆగదు. ముందు ఇంజన్ చాలంటుంది, తర్వాత రేసులు చాలంటుంది, ఆ తర్వాత ఎవరో చూపించిన కుర్చీలో కూర్చుని ఈ జీతం చాలంటుంది. ఇరవై ఏళ్ళు డిపోలో ఇదే చూశాను.

ఆ చాలు అన్న మాట దాని నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. నీ నోట్లోంచే వచ్చింది.

నవంబరులో నీ షాపులో కొత్త పిస్టన్, సిలిండరు కిట్ ఎంచుకున్న రోజు గుర్తు చేసుకో. రేకు బల్ల మీద పాత పేపరు పరిచి మూడు పిస్టన్లు వరసగా నిలబెట్టావు. దాని బండిలోది యాభై నాలుగు మిల్లీమీటర్ల అడ్డం ఉన్నది. పక్కన యాభై ఆరు, ఆ పక్కన యాభై ఎనిమిది. చిన్న కిట్ వేస్తే ఇంజన్ నూట ముప్పై నాలుగు సీసీ అవుతుంది, పెద్దది వేస్తే నూట నలభై నాలుగు. అక్క చెల్లెళ్ళ ఫోటోలో ఎవరు పెద్దో చెప్పలేనట్టు ఉన్నాయి మూడూ. ఆ నాలుగు మిల్లీమీటర్ల కోసమే మనం ఇంత దూరం వచ్చాం.

చిన్నదైతే ఇప్పుడున్న హెడ్డే సరిపోతుందన్నావు. కార్బురేటరు పెద్దగా కదపక్కర్లేదు, ఇంజన్ చల్లగా ఉంటుంది, రింగులు ఎక్కడైనా దొరుకుతాయి అన్నావు. పెద్దదైతే ఇసుక మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు క్లచ్చుతో కుస్తీ పట్టక్కర్లేదు, కింది నుంచే లాక్కుపోతుంది, కానీ హెడ్డు మార్చాలి, కార్బురేటరులో జెట్లు మార్చాలి, లెక్క కొంచెం తప్పినా క్షమించదు అన్నావు. అంతవరకు బాగానే చెప్పావు. మెకానిక్ చెప్పాల్సిన మాటలే అవి. ఆ తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, పక్కనే నిలబడ్డ పిల్ల వైపు కూడా చూడకుండా అన్నావు చూడు: దానికి చిన్నది చాలక్కా అని.

దానికి చాలట! ఎవరికి ఎంత చాలో కొలిచే గ్లాసు ఎవరిచ్చార్రా నీకు?

ఆ మాట వినగానే నాకు మన పాత ఇంటి మెట్ల కింది చీకటి కళ్ళ ముందుకు వచ్చింది. నాన్న స్కూటరు విప్పేది అక్కడే కదా. నేను నీకంటే నాలుగేళ్ళు పెద్దదాన్ని. నాకు పన్నెండు, నీకు ఎనిమిది. స్పానరు నీ చేతిలో పెట్టేవాడు. టార్చిలైటు నా చేతిలో పెట్టేవాడు. నేనూ ఒక బోల్టు తిప్పుతాను నాన్నా అంటే, నువ్వు లైటు పట్టుకో తల్లీ, చాలు అనేవాడు. అరిచి కూడా కాదు, ముద్దుగానే అనేవాడు. చెయ్యి లాగేస్తుంటే లైటు కాస్త కదిలేది. అప్పుడు మాత్రం అరిచేవాడు. ఆ వెలుతురులో నువ్వు ఇంజన్ నేర్చుకున్నావు. వెలుతురు పట్టినదాన్ని నేను. నాకు ఇంజన్ గురించి నాన్న ఇచ్చిన చదువంతా కలిపితే ఒక్క ముక్క: పెట్రోలులో కలిపే నూనె దగ్గర పిసినారితనం చేయకూడదు. పెట్రోలు బంకులో కుర్రాడు కొలతకు నూనె కొట్టాక కూడా, ఇంకో పంపు కొట్టవయ్యా, ఇంజన్ నాది అనేవాడు. ఆయన వస్తుంటే నీలం పొగ ముందొచ్చి చెప్పేది, వీధిలో వాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. ఆ స్కూటరు మాత్రం పద్దెనిమిదేళ్ళు ఒక్కసారి కూడా పట్టెయ్యలేదు.

అందుకే ఆ రోజు నీ షాపులో అరగంట మాట్లాడాను. మీ బావ టీ గ్లాసులు కడిగి బోర్లించి వచ్చినా నా మాట పూర్తి కాలేదు. బొంగరం మధ్యలో తన నోట్‌బుక్ తీసి ఏదో చెప్పబోతే, ఆగమ్మా, నీ కోసమే కదా మాట్లాడుతున్నాను అన్నాను. చివరికి నువ్వు రెండు చేతులూ ఎత్తేసి, సరే తల్లీ, పెద్దదే పెడతాను, నన్ను డిపో గేటు ముందు నిలబెట్టి నినాదాలు ఇప్పించకు అన్నావు. అందరం నవ్వాం. నీ నవ్వు మాత్రం పెదాల దగ్గరే ఆగిపోయింది. నేను చూశాను.

ఇప్పుడు నా అభియోగానికి ఆధారాలు చెబుతాను, విను.

ఆ ఇంజన్ మీద నువ్వు పడ్డ కష్టం నేను కాదనను. కాదనకపోవడమే నా మొదటి ఆధారం. కొత్త పిస్టన్‌కూ సిలిండరుకూ మధ్య సందు ఎంతుందో నాలుగుసార్లు కొలిచావు. మూడు రోజులు ఇంజన్‌ను వేడి చేశావు, చల్లార్చావు, మళ్ళీ వేడి చేశావు. పసిపిల్లకు జ్వరం చూసినట్టు సిలిండరుకు అరచెయ్యి ఆనించి కూర్చున్నావు. మీ బావ ఆ వైభోగం చూసి, నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా మీ వాళ్ళెవరూ ఇంత సేపు చెయ్యి పెట్టి చూడలేదే అన్నాడు. క్వారీలో బండిని ఫుల్ థ్రాటిల్‌లో తిప్పించి, ఒక్కసారిగా ఆపించి, ప్లగ్గు విప్పి రంగు చూశావు. ఇటుక రంగు ఉంది, బాగుంది అన్నావు. ఇంత జాగ్రత్త మనిషి రేసు రోజే పొరపాటు చేస్తాడా? చేయడు. అందుకే కావాలనే అంటున్నాను.

రెండో ఆధారం. రేసు రోజు ఉదయం నీ అరచేతిలో రెండు జెట్లు ఉన్నాయి. గోరంత ఇత్తడి ముక్కలు. వాటి చిల్లు ఎంత ఉంటే ఇంజన్‌కు అంత పెట్రోలు అందుతుందని నాకు చెప్పింది నువ్వే. చలి గాలి చిక్కగా ఉంటుంది, పొద్దున కాస్త పెద్ద చిల్లు కావాలి అని కూడా నువ్వే చెప్పావు. రెండింటినీ వెలుతురుకు పెట్టి చూసి, ఒకటి జేబులో వేసుకుని, ఒకటి బిగించావు. పెద్దదే పెట్టావా అని అడిగితే, ఒక సైజు పెంచానక్కా, ఇది సరిపోతుంది అన్నావు. సరిపోలేదు కదా! జేబులో వేసుకున్నది ఏదో, బిగించింది ఏదో నాకేం తెలుసు? నాకు లైటు పట్టడం మాత్రమే నేర్పించారు.

మిగతా పనులన్నీ సరిగ్గానే జరిగాయి. క్లచ్చు కేబులు దానంతట అదే చూసుకుంది. టైర్లలో గాలి మీ బావ కొట్టాడు. పెట్రోలు కేనులో నూనె ఇంటి దగ్గర కలిపి తెచ్చింది నేను. కొలత కప్పు మీద నువ్వు గీసిన గీతకు ఒక్క చుక్క కూడా తగ్గలేదు.

ఆ తర్వాతది ఇద్దరం చూశాం. రెండో రౌండు. పొడుగు దారిలో బొంగరం మూడో స్థానంలోంచి రెండోదానికి వచ్చింది. నా పక్కన ఎవరో, ఆ ఎర్ర హెల్మెట్ ఎవడ్రా అని అడిగితే, వాడు కాదు, అది నా కూతురు అని అరిచాను. ఆ అరుపు నా నోట్లో ఉండగానే ఇంజన్ గొంతు మారింది. లావుగా ఉన్న చప్పుడు సన్నబడి ఈల వేసినట్టు అయింది. దిగుడు మొదలయ్యే చోట వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్చు నొక్కేంత వ్యవధి లేదు. బండి ఒక పక్కకు, పిల్ల ఒక పక్కకు పడ్డారు. వెనక వస్తున్న ముగ్గురు ఎలా తప్పుకున్నారో వాళ్ళకే తెలియాలి.

మూడో ఆధారం ఇదే. స్ట్రెచర్ వెళ్ళాక నేను వెనక్కి తిరిగి చూస్తే నువ్వు బండి దగ్గర మోకాళ్ళ మీద ఉన్నావు. ట్యాంకు మూత తీశావు. వేలు ముంచావు. రెండు వేళ్ళు కలిపి రుద్దుకున్నావు, వాసన చూశావు. తల ఎత్తి నా వైపు చూశావు. మూత మెల్లగా బిగించేశావు. దొరికిపోయినవాడి చూపు అది. డిపోలో డీజిల్ తక్కువ వచ్చిన రోజు స్టోరు గుమాస్తా మొహంలో ఆ చూపు చూశాను.

నాలుగోది: ఆస్పత్రి వరండాలో నేను అడగకముందే, నాదే పొరపాటక్కా, జెట్ తప్పు పెట్టాను అన్నావు. నువ్వు! ఎనిమిదేళ్ళప్పుడు రేడియో విప్పి, స్క్రూలు గుప్పిట్లో పెట్టుకుని కూడా నేను కాదన్నవాడివి. జీవితంలో తప్పు ఒప్పుకోనివాడు అడక్కుండా ఒప్పుకున్నాడంటే, పెద్ద తప్పు మీద చిన్న తప్పు కప్పుతున్నాడని అర్థం.

నీకు ఇదంతా ఒక ఇంజన్ గొడవలా కనిపిస్తోంది. నాకు అలా కాదు, ఎందుకో చెబుతాను. ఆడ డ్రైవర్లను దూరపు రూట్లకు పంపాలని మా యూనియన్ ఆరేళ్ళు కొట్లాడింది. సిటీ రూట్లు చాలు కదమ్మా అని మేనేజరు ఆరేళ్ళూ నవ్వుతూనే చెప్పాడు. చివరికి పంపారు. ఎలాంటి బస్సు ఇచ్చారు? షెడ్డులో మూలన పడి ఉన్నది, వర్క్‌షాపు వాళ్ళే ఎక్కడానికి భయపడేది ఇచ్చారు. నూరు కిలోమీటర్లు పోకముందే గేరుబాక్సు పోయింది. మర్నాడు ఇదే గదిలో, ఇదే బెంచీ మీద కూర్చుని అందరూ ఒకటే మాట: చెప్పాం కదా! మగ డ్రైవరు బస్సు చెడితే బస్సు చెడిందంటారు. ఆడ డ్రైవరు బస్సు చెడితే ఆడవాళ్ళ వల్ల కాదంటారు. ఆ అమ్మాయి మళ్ళీ దూరం రూటు అడగలేదు. ఇప్పుడు నా ఎదురుగా టికెట్ల కౌంటరులో కూర్చుంటుంది. అడిగితే, ఇది చాలక్కా, హాయిగా ఉంది అంటుంది.

నీ బొంగరం అదే దారిలో ఉంది. ఇంజన్ పట్టేసింది అనుకోవడం లేదు, నేను పెద్ద ఇంజన్‌కు సరిపోలేదు అనుకుంటోంది. దానికి ఆ పాఠం నేర్పడానికి నువ్వు చిన్న చిల్లు ఉన్న ఇత్తడి ముక్క వాడావు. మేనేజరుకు కనీసం ఒక బస్సు ఖర్చయింది.

మీ బావకు ఇదంతా చెబితే, మీ అక్కాతమ్ముళ్ళ మధ్య ప్లగ్గు అక్కర్లేదు, ఉత్తినే అంటుకుంటారు అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. నేను నవ్వలేదు.

ఆదివారం నువ్వు ఆ పాత సిలిండరు బిగించే లోపు నాకు జవాబు కావాలి. ఎందుకు చేశావు? ఆ మాట నాకు కాదు, దానికి చెప్పు. నీ వల్ల కాదు, నా వల్ల జరిగింది అని దాని మొహం చూసి చెప్పు.

జవాబు వచ్చేదాకా మాత్రమే,
నీ అక్క

తాజా కలం — ఫిబ్రవరి 13, శుక్రవారం

ఈ ఉత్తరం బుధవారమే కవరులో పెట్టాను. పోస్టు చేయలేదు. పైన రాసినదాంట్లో ఒక్క అక్షరం కొట్టెయ్యకుండా ఈ రోజే మీ బావ చేతికిచ్చి పంపుతున్నాను, నీ అక్క ఏం రాయగలదో నువ్వు చూడాలి.

నీ మీద ఇంకో ఆధారం జత చేద్దామనుకున్నాను. నీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పగల మనిషి ఒక్కడే, నీకు సిలిండర్లు బోరు చేసి ఇచ్చే లేతు షాపు తాత. నిన్న డ్యూటీ దిగి, పిస్టన్‌ను బొంగరం దగ్గర అడిగి తీసుకుని, బాల్కనీలో అలాగే ఉన్న పెట్రోలు కేను కూడా పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. కేనులో ఇంకా సగం ఉంది. జెట్ తప్పని నీ నోటితో నువ్వే ఒప్పుకున్న సంగతి చెప్పి, కాగితం మీద రాసివ్వమన్నాను. ఆయన కళ్ళజోడు తాడు సర్దుకుని, పిస్టన్‌ను అటూ ఇటూ తిప్పి, ఏ జెట్ వేశాడు అని అడిగాడు. వచ్చేటప్పుడు బొంగరాన్ని అడిగి రాసుకున్న నంబరు చెప్పాను. సరైనదే కదమ్మా, నేనైనా అదే వేస్తాను అన్నాడు. ఆ తర్వాత కేను మూత తీశాడు. గాజు గ్లాసులో కొంచెం వంపి కిటికీ దగ్గర పట్టుకున్నాడు. ఇదేంటమ్మా, పెట్రోలా, దగ్గు మందా అన్నాడు. ఎవరు కలిపారు అని అడిగాడు.

నేనే అన్నాను.

గీత దాకా పోశాను తమ్ముడూ. అది అబద్ధం కాదు. గీత దాకా పోశాక, వంటింటి గట్టు మీద కేను పెట్టుకుని ఆ పిల్ల హెల్మెట్ వైపు చూశాను. పెద్ద ఇంజన్, కొత్త ఇంజన్, పట్టుబట్టి పెట్టించింది నేను. క్షమించదు అన్న నీ మాట గుర్తొచ్చింది. నాన్న గుర్తొచ్చాడు. ఇంకో కప్పు పోశాను. మూత పెట్టబోయి, మళ్ళీ తీసి ఇంకొంచెం పోశాను. మీ బావ కూడా చూడలేదు. ఎవరికైనా చెప్పాల్సిన విషయం అని కూడా నాకు తోచలేదు, అన్నంలో నెయ్యి ఎక్కువేస్తే ఎవరైనా చెప్పుకుంటారా?

తాత తిట్టలేదు. గ్లాసు కింద పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. జెట్ చిల్లులోంచి వెళ్ళేది ఇంతే అని లెక్క ఉంటుంది. నువ్వు నూనె పెంచితే ఆ మేరకు పెట్రోలు తగ్గిపోతుంది, పైగా చిక్కబడి మెల్లగా పారుతుంది. ఇంజన్‌ను లోపల చల్లబరిచేది ఆ పెట్రోలే. మీ నాన్న స్కూటరు ముప్పై స్పీడులో పోయేది, దానికి ఎంత పోసినా పొగ వదిలి ఊరుకునేది. ఇది పదును మీద నడిచే ఇంజన్. అందులోనూ చలి పొద్దు. దాహంతో ఉన్న దాని ముందు నుంచి నీళ్ళు తీసేసి నూనె పెట్టావమ్మా అన్నాడు.

బస్సు ఎక్కి ఇంటికి వచ్చాను. ఒళ్ళో కేను, సంచీలో పిస్టన్. కండక్టరమ్మాయి పలకరిస్తే ఏం మాట్లాడానో గుర్తులేదు.

ట్యాంకులో వేలు ముంచి నా వైపు ఎందుకు చూశావో ఇప్పుడు తెలిసింది. వేళ్ళ మధ్య రుద్దగానే నీకు తెలిసిపోయింది. ఆ రోజు నుంచి నీకు తెలుసు. వరండాలో నాదే పొరపాటన్నావు. పది రోజులు నేను ఊరంతా తిరిగి నిన్ను తిడుతుంటే షట్టరు వెనక కూర్చుని విన్నావు. నాకు ఎదురుపడితే నోరు జారుతావేమోనని చెప్పుల్ని కూడా దాచుకోలేక దాక్కున్నావు.

నిన్ను తిట్టినందుకు క్షమాపణ అడుగుతున్నాను. కావాలనే అన్నందుకు ముఖ్యంగా అడుగుతున్నాను. అది అయిపోయింది కనుక ఇప్పుడు మళ్ళీ తిడతాను.

నన్ను కాపాడమని ఎవరు అడిగార్రా నిన్ను? అక్క తట్టుకోలేదు, అక్కకు నిజం ఇంతవరకు చాలు అని కొలిచేశావు కదా. నేను పిల్ల క్షేమం కోరి నూనె పోశాను. నువ్వు నా క్షేమం కోరి నోరు మూసుకున్నావు. రెండూ కలిసి ఎవరి మీద పడ్డాయో చూడు. తన తప్పు ఏమీ లేని పిల్ల ఆ పిస్టన్‌ను తడుముతూ, పెద్దది మోసే మనిషిని కాను అంటోంది. నువ్వు దాచిన నా తప్పు వెళ్ళి దాని భుజాల మీద కూర్చుంది. ఇంకొక్క రోజు కూడా అక్కడ ఉండడానికి వీల్లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. నిన్న దాని నోట్‌బుక్ అడిగి చూశాను. నవంబరులో మన ముందు తెరవబోయిన పేజీ అలాగే ఉంది. మూడు పిస్టన్లకూ మూడు వరసలు గీసి, ఏ మలుపులో ఎంత టైము పోతోందో, ఏ ఇంజన్ అయితే ఏం కలిసొస్తుందో, రింగులు ఎన్ని గంటలకు మార్చాలో రాసుకుంది. కింద ఒక ప్రశ్న: నూనె పాళ్ళు మారితే జెట్ మార్చాలా? మామయ్యను అడగాలి.

దాని తరఫున నేను మాట్లాడాను, దాని తరఫున నువ్వు కొలిచావు. దాన్ని మాత్రం ఇద్దరం అడగలేదు.

తప్పు నాది. కానీ ఆ ఒక్క ముక్క తప్ప నాకు ఇంకేం నేర్పకపోవడం నా తప్పు కాదు, ఆ మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. అందుకే నా డిమాండ్లు:

1. షట్టరు పూర్తిగా ఎత్తు. ఫోను కూడా.

2. రేపు శనివారం సాయంత్రం ఇంటికి రా. కేను కలిపింది ఎవరో బొంగరానికి నేనే చెబుతాను. నువ్వు పక్కన కూర్చో. నా తప్పులోంచి సగం తీసుకోవడానికి ప్రయత్నించకు.

3. ఆదివారం పాత సిలిండరు బిగించకు. ముందు మూడు పిస్టన్లూ మళ్ళీ బల్ల మీద నిలబెట్టు. అది నోట్‌బుక్ మొత్తం చదివేదాకా నువ్వు గానీ నేను గానీ నోరు తెరవకూడదు. అప్పుడు కూడా పాతదే కావాలంటే పాతదే.

4. కొలత కప్పు మీద గీత ఎర్రగా గియ్యి. ఇంతకు మించి పోయకూడదు అని రాయి. ఎందుకో కూడా రాయి.

5. ఏ ఇంజన్ ఎంచుకున్నా సరే, ఆ జెట్ నేను బిగిస్తాను. స్పానరు నాకివ్వు. లైటు నువ్వు పట్టుకో.